పెట్రోలు మూతకు బీగం

ఎమ్మిగనూరు
1984 నవంబరు

చిరంజీవి సౌభాగ్యవతి ఉచ్చీరమ్మకు మీ నాయన మద్దిలేటి మనసు నిండా దీవించి రాసే జాబు.

నువ్వు మోపెడ్ బండి కొన్నావని కార్డు అందిన రోజు నా కాలు ఒకచోట నిలవలేదు తల్లీ. మీ అమ్మ అంజినమ్మ అన్నం పెట్టి పిలుస్తూనే ఉంది, నేను కార్డు పట్టుకుని నేత సొసైటీ నూలు రంగుల షెడ్డుకు పోయాను. పని మానుకుని వచ్చేసినా అక్కడ నన్ను చూస్తే ఇప్పటికీ రంగు కాగు పక్కన పీట వేస్తారు. కార్డు మొత్తం చదివి వినిపించాను. నూలు పిండే ముసలాయన ఒకడు, "ఆడపిల్ల బండి మీద పోతే సీర సక్రంలో ఇరుక్కుంటది లేప్పా" అన్నాడు. "నీ కొడుకు నిక్కరేసుకోనే పోతాడు గదా, ఎన్నిమార్లు పడినాడో అది సెప్పు" అన్నాను. కాగుల దగ్గర ఉన్నవాళ్లందరూ నవ్వారు. అందరికీ బొరుగులూ బెల్లమూ పంచి ఇంటికి వచ్చాను. నాలుగో తరగతితో బడి మానేసినవాడి కూతురు నర్సమ్మ కావడమే ఎక్కువ అనుకున్నాను. ఇప్పుడు నర్సమ్మ బండి మీద ఆస్పరి రోడ్డులో పోతుంది! ఊళ్లో నన్ను ఇప్పుడు పేరు పెట్టి పిలవడం లేదు, నర్సమ్మ నాయన అంటున్నారు. పిలిచినప్పుడల్లా కావాలని ఒకసారి వినపడనట్టు ఊరుకుంటాను, రెండోసారి పిలుస్తారని.

సంతోషపడి ఊరుకోలేదు. ఆదోని రోడ్డులో ఉన్న పెట్రోలు బంకుకు పోయి, అక్కడి మనిషికి టీ పోయించి అన్నీ అడిగి తెలుసుకున్నాను. నీ బండి ఇంజినుకు నీళ్లు ఉండవట. ఎదురుగాలి తగిలి చల్లబడాల్సిందే. లారీకైతే నూనె అడుగున విడిగా ఉంటుందట. దీనికి పెట్రోలులోనే కలపాలట, పెట్రోలుతో పాటే కాలిపోతుందట. ఆ నూనెల్లోనూ రకాలున్నాయి. సీలు వేసిన టిన్నులో వచ్చేది మంచిది, కానీ నెయ్యి ధర. బంకులో పీపాకు పెట్టిన చేతిపంపుతో కొట్టి ఇచ్చే లూజు నూనె ఒకటి. బజారు అంగళ్లలో సీసాల్లో పోసి అమ్మేది ఇంకొకటి, అది చవక. ఒక లారీ క్లీనరు మా లారీ నూనే పోయండి అన్నాడు, వాణ్ణి కసిరి పంపాను.

మీ సంసారానికి టిన్ను నూనె బరువే. చూసి, మీకు తగినది తీసుకోండి. అల్లుడు బసవన్న ఈ జాబు ఇంట్లో గట్టిగా చదువుతాడని తెలుసు, అందుకే మీ అత్త తిప్పక్క కూడా వినేటట్టు ఒక మాట రాస్తున్నాను. నూనె దగ్గర పిసినారితనం వద్దు. ఇంజినుకు నూనే ప్రాణం. ఒక చుక్క ఎక్కువైతే కొంచెం పొగ వస్తుంది, అంతే. చుక్క తక్కువైతే దారి మధ్యలో బిగుసుకుపోతుంది.

నాయనా బసవన్నా, నా కూతురికి బండి కొనిచ్చినావు, నీ కడుపు చల్లగుండ. తిప్పక్కకు నమస్కారం చెప్పు.

మీ నాయన
మద్దిలేటి


ఆదోని
1984 డిసెంబరు

నాయనకు, అమ్మకు ఉచ్చీరమ్మ నమస్కారాలు.

నీ జాబు ఆయన నూనె మిల్లు నుంచి వచ్చి దీపాలు పెట్టే వేళ గట్టిగా చదివారు. మా అత్త నూనె సంగతి మళ్లీ ఒకసారి చదివించుకుంది. బండి వచ్చిన నాటి నుంచి ఆమె దాన్ని గురించి మంచి అనలేదు, చెడ్డ అనలేదు. ఈ మధ్య నేను పొద్దున బండి తీసేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుని లోపలికి పోతుంది. ఇష్టం లేదేమో అనుకుంటున్నాను. బండ్లు తోలిన ఇంటి ఆడమనిషి. కోసిగిలో వాళ్లకు రెండు జతల ఎద్దులు ఉండేవట. కోడలు ఇట్లా తిరగడం ఆమెకు కొత్త.

బండి మాత్రం నాకు రెక్కలే నాయనా. మునుపు బస్సు కోసం గంటలు గంటలు నిలబడేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నానికే రెండు ఊళ్లు చూసి వస్తున్నాను. ఆస్పరి ఆస్పత్రిలో డాక్టరు గారు పిలిచి చెప్పారు, ఉగాదికి పైనుంచి తనిఖీ ఉంటుందట. అప్పటిదాకా నా కింది ఐదూళ్లూ వారం తప్పకుండా తిరిగినట్టు కనబడితే నన్ను ఇక్కడే ఉంచుతారు. లేదంటే ఆత్మకూరు అవతల అడవి ఊళ్లలో ఖాళీ ఉంది, అక్కడికి వేస్తారు. ఆయనకు ఇక్కడి మిల్లులో పని. నేను అక్కడ, ఆయన ఇక్కడ అయితే అది సంసారం ఎట్లా అవుతుంది? అందుకే ఈ బండి నడవాలి.

నూనె ఆయనే తెస్తున్నారు. మిల్లుకు పోయే దారిలో ఒక అంగడి ఉంది, అక్కడ లూజుగా దొరుకుతుందట. ధర తక్కువ. ఎర్రగా ఉంటుంది. పెట్రోలు లీటరుకు ఎంత కలపాలో కొలత ఆయనకు తెలుసు.

నిన్న మాత్రం పొద్దున ఎంత తొక్కినా బండి పట్టుకోలేదు. తర్వాత పట్టుకుంది గానీ తెల్లగా పొగ చిమ్మింది. కొత్త బండి కదా, అలవాటు పడాలేమో.

నీ కూతురు
ఉచ్చీరమ్మ


ఆస్పరి
1985 జనవరి

నాయనకు,

ఈ జాబు సబ్‌సెంటరులో కూర్చుని రాస్తున్నాను. దీనికి జవాబు ఇంటికి రాయవద్దు. ఆస్పరి ఆస్పత్రి అడ్రసుకు రాయి. ఎందుకో చదివితే తెలుస్తుంది.

పోయిన వారం ఒక పిల్లకు తొలికాన్పు, నొప్పులు మొదలయ్యాయని మనిషి వచ్చాడు. బండి తీశాను. సగం దారిలో నల్లరేగడి చేల మధ్య ఆగిపోయింది. పెడలు ఎంత తొక్కినా కదల్లేదు. బండిని జొన్న చేను గట్టుకు ఆనించి, పత్తి లారీ ఆపి ఎక్కి పోయాను. అప్పటికే ఆ ఊరి మంత్రసాని పని చూసేసింది. తల్లీ బిడ్డా బాగున్నారు, అదొక్కటే నా అదృష్టం. డాక్టరు గారికి తెలిసింది. "బండి ఉందన్నావు గదమ్మా సిస్టరూ, యాడుంది?" అని అందరి ముందు అడిగారు.

ఆదోనిలో మెకానిక్ ఏసన్న ఇంజిను విప్పాడు. నేను పక్కనే నిలబడ్డాను. ప్లగ్గు నల్లగా మసి పట్టి ఉంది. పొగ పోయే గొట్టం లోపల జిగురు. చెక్కతో గీకితే బంకలాగా సాగింది. ఏసన్న వేలితో తాకి చూసి, "అక్కా, నూనె తక్కువై చెడిన ఇంజిను ఇట్లుండదు. దీంట్లో ఏమో కలుస్తాంది. నూనె తెచ్చేది ఎవరు?" అన్నాడు. మా ఆయన అని చెప్పాను. చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

అంగడివాడు కల్తీ చేస్తున్నాడో, ఏసన్నే పని కోసం చెడగొడుతున్నాడో, ఇంకేమన్నా ఉందో తెలియదు. ట్యాంకిలో ఉన్న పెట్రోలు మందు సీసాలో కొంచెం పట్టి, బిరడా బిగించి ఎమ్మిగనూరు బస్సు కండక్టరు చేతికి ఇచ్చాను. నువ్వు రంగులు, నూనెలు ఎరిగినవాడివి. చూసి చెప్పు. అమ్మకు చెప్పవద్దు.

ఉచ్చీరమ్మ


ఎమ్మిగనూరు
1985 జనవరి

నా బంగారు తల్లికి,

సీసా అందింది. నువ్వు నన్ను నమ్మి పంపినందుకే నేను పొంగిపోయాను, అది ముందు రాస్తున్నాను. సర్కారు ఉద్యోగం చేసే కూతురు చదువులేని నాయన్ని అడిగింది! ఇక సీసా సంగతి.

షెడ్డుకు పోయి తెల్లనూలు చిలప కట్ట ఒకటి అడిగి తెచ్చుకున్నాను. సీసాలో ఉన్నది దాని మీద చుక్కలు చుక్కలుగా వేశాను. పెట్రోలు గాలికి ఎగిరిపోయింది. ఎర్ర మరక పలచగా పరుచుకుంది, అది మీ అంగడి నూనె. దాని మధ్యలో ఇంకొక మరక ఎటూ పరుచుకోకుండా గుండ్రంగా నిలబడింది. వేలితో తీస్తే జిగట. వాసన చూశాను. మళ్లీ చూశాను. తల్లీ, అది ఆముదం. ఎర్ర రంగు పట్టడానికి ఆముదంతో చేసిన నూనె వాడే షెడ్డులో నా సగం బతుకు గడిచింది. కళ్లు మూసుకున్నా చెప్పగలను.

ఆముదం పెట్రోలులో సరిగా కలవదు. రాత్రి చలికి అడుక్కు దిగుతుంది. అందుకే పొద్దున బండి పట్టుకోదు. కాలితే బంక అవుతుంది.

ఇప్పుడు ఆలోచించు. అంగడివాడు కల్తీ చేస్తే చవకైన దానితో చేస్తాడు గానీ, ఆ ఎర్ర నూనె కంటే ఖరీదైన ఆముదంతో చేస్తాడా? ఏసన్న నీ ఇంటికి వచ్చి పోయడు. ఆముదం ఎవరి చేతికి సులభంగా అందుతుంది? నూనె మిల్లులో పని చేసేవారికి. శనక్కాయలు ఆడే మిల్లులోనే ఆముదాలూ ఆడతారు. నేను పేరు రాయను. నువ్వు చదువుకున్నదానివి.

బండి కొన్న రోజు అల్లుడు ఏమన్నాడు? నిజం రాయి, నా దగ్గర దాచవద్దు. ఏసన్నతో చెప్పి పెట్రోలు మూతకు బీగం వేయించు. తాళంచెవి నీ జాకెట్టులో పెట్టుకో. నూనె నువ్వే పోయి బంకులో కొను. వారం రోజులు బండి బాగా నడిచిందంటే సంగతి తేలిపోతుంది.

నాయన


ఆస్పరి
1985 ఫిబ్రవరి

నాయనకు,

అడిగినావు కాబట్టి రాస్తున్నాను. బండి కొనేటప్పుడు ఆయనే ముందు నిలబడి అంతా చూశారు. ఇంటికి తెచ్చాక మాత్రం గడప మీద కూర్చుని, "రేపు మిల్లులో నన్నేమంటారో ఎరుకనా? పెండ్లాం బండి మీద, మొగుడు సైకిలు మీద అంటారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మిల్లులో నిజంగానే అన్నారట. ఒక రోజు సైకిలు హ్యాండిలుకు ఎవరో గాజులు తగిలించారు. అది కూడా నవ్వుతూనే చెప్పారు. అప్పుడు ఆ నవ్వును నేను పట్టించుకోలేదు. నీ జాబు చదివిన తర్వాత ఆ నవ్వే గుర్తుకు వస్తోంది.

బీగం వేయించాను. ఆయన మూత చూశారు, తర్వాత నన్ను చూశారు. "దొంగలు తిరుగుతాండారా?" అన్నారు. అవునన్నాను. అంతే, ఆ మాటతో సరి. మరునాడు ఖాళీ నూనె సీసా కడిగి గూట్లో బోర్లించారు. ఇక తేవడం లేదు. బంకులో నేనే నిలబడి చేతిపంపు నూనె కళ్ల ముందు కొట్టించుకుని కొలత ప్రకారం కలిపించుకుంటున్నాను. ధర అంగడి దానికంటే కాస్త ఎక్కువ, టిన్ను దానికంటే చాలా తక్కువ.

బండి బాగా నడుస్తోంది నాయనా. పొగ లేదు. పొద్దున రెండు తొక్కులకే పట్టుకుంటోంది. బాగా నడిచిన ప్రతి రోజూ సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అత్త తమ్ముడి ఇంట్లో పెండ్లి పనులని కోసిగికి పోయింది. ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చుని తింటాం, పప్పు బాగుందా అని కూడా అడగం.

ఆయనతో నువ్వేమీ అనవద్దు. కొన్నాళ్లు చూద్దాం.

ఉచ్చీరమ్మ


ఎమ్మిగనూరు
1985 ఫిబ్రవరి

ఆదోని నూనె మిల్లు అడ్రసుకు

శ్రీ బసవన్న గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నా కూతురి బండిలో ఆముదం కలిసిందని నేను కళ్లారా చూశాను. బీగం వేసిన నాటి నుంచి బండి చెడలేదని కూడా నాకు తెలుసు. ఎవరు చేశారో నేను అడగడం లేదు, మీరు చెప్పనవసరం లేదు. భార్య సంపాదన ఇంట్లోకి కావాలి, భార్య బండి మాత్రం వీధిలో కనబడకూడదు అంటే ఎట్లా? మీకు నామర్దా అయితే ఆ మాట నా మొహం మీద చెప్పండి, నేను వచ్చి నా కూతుర్నీ బండినీ తోడుకుని పోతాను. ఎమ్మిగనూరులో ఆమె ఎంత తిరిగినా అడిగేవాళ్లు లేరు. అందరూ చూసి ముచ్చటపడేవాళ్లే.

ఇట్లు
మద్దిలేటి


ఆదోని
1985 ఫిబ్రవరి

మామకు బసవన్న నమస్కారం.

మీ జాబు మిల్లులో కాటా దగ్గర అందరి మధ్య ఇచ్చారు. అక్కడే చదివాను. గట్టిగా చదవలేదు.

పెండ్లి నాటి నుంచి మీరు నన్ను నువ్వు అన్నారు, నాయనా అన్నారు. ఈ జాబులో గారు అని రాశారు. అది అర్థమైంది. బీగం ఎందుకు పడిందో కూడా ఇప్పుడు అర్థమైంది. నేను దొంగలనే అనుకున్నాను, దొంగను నేనేనని తెలియదు.

నేను ఏమీ కలపలేదు. నమ్మమని అడగను. సైకిలుకు గాజులు కట్టింది నిజం, వాటిని తీసి జేబులో వేసుకుని నేను సైకిలు తొక్కింది కూడా నిజం. బండి కావాలని మీ అమ్మాయి అడగకముందే పోయి ధర కనుక్కుని వచ్చింది నేను. ఆ మాట ఆమెకూ తెలియదు.

ఇప్పుడు నేను ఆ బండి పక్కన నడవాలన్నా చుట్టు తిరిగి పోతున్నాను. దానికి ఏమి జరిగినా నా మీదికే వస్తుంది కదా. ఉగాది తనిఖీ కానివ్వండి. తర్వాత ఆమె ఎమ్మిగనూరు వస్తానంటే నేను అడ్డం పడను. సామాను నేనే బస్సు మీదికి ఎక్కిస్తాను.

బసవన్న


ఆదోని
1985 మార్చి

నాయనకు,

మొదట ఒక మాట. నువ్వు ఆయనకు జాబు రాసినావని ఆయన నాతో చెప్పలేదు. ఈ రోజే బయటపడింది. వద్దని చెప్పాను కదా. అయినా ఆ కోపం తర్వాత. ముందు జరిగింది విను.

బీగం వేయించక ముందే కోసిగికి పోయిన మా అత్త నిన్న సందెకు వచ్చింది. ఈ రోజు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతున్నారు. బండి దగ్గర చప్పుడైంది. చూస్తే అత్త, చేతిలో చిన్న గరిటె. పెట్రోలు మూతను తిప్పుతోంది, అది రావడం లేదు. నన్ను చూసి విసుక్కుంది.

"ఏమ్మే, దీనికి బీగం ఎందుకేసినావు? నేను కందెన యాడ పొయ్యాల?"

దగ్గరికి పోయి చూశాను. గరిటెలో ఆముదం.

ఆయన పుల్ల పడేసి దగ్గరికి వచ్చారు. "ఎన్ని దినాల నుంచి పోస్తాండావమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఎమ్మిగనూరు జాబు వచ్చినకాటి నుంచి. కందెన లేకుండా బండి గడప దాటుతాదా? మీ మామ గూడ రాసినాడు గదా, నూనె కాడ పిసినారితనం వద్దని. నువ్వే సదివితివి."

నాయనా, వాళ్ల ఇంట్లో ఎద్దుల బండి కట్టే ముందు ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పూస్తారట. అది ఇంటి పెద్దామె చేతి మీదుగానే జరగాలట. ఆమె పూయనిదే మగవాళ్లు కాడి ఎత్తరట. నా బండికి నూనె లోపలే పోస్తారని నీ జాబులో విన్నది. మసి వద్దని తనే అనుకుని, ఒట్టి ఆముదం రోజూ తెల్లవారుజామున గరిటెడు పోస్తూ వచ్చింది. ఇంట్లో దీపానికి ఉంచిన మంచి ఆముదం. తను రాత్రిపూట మోకాళ్లకు రాసుకోవడం మానేసి నా బండికి పోసింది.

మరి నేను పోయేటప్పుడు మొహం ఎందుకు తిప్పుకుంటావని అడిగాను. "కందెన పోసిన సెయ్యి, పొయ్యే బండిని సూడగూడదు. దిష్టి" అంది. ఎవరితోనూ చెప్పలేదేమి అంటే, "నన్ను ఎవరన్నా అడిగినారా?" అంది. నిజమే. ఏసన్నను అనుమానించాం, అంగడివాణ్ణి అనుమానించాం, ఆయన్ను అనుమానించాం. ఆమెను మనిషిగా లెక్కపెట్టి ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నారు. తర్వాత లోపలికి పోయి చొక్కా జేబులో నుంచి నీ జాబు తీసి నా చేతిలో పెట్టారు. చదివాను. చదువుతుంటే ఆయన అక్కడ నిలబడలేదు, మిల్లుకు పోయారు. అన్నం క్యారియరు ఇక్కడే ఉంది.

అత్త ఏమీ అర్థం కాక నన్ను అడుగుతోంది, "వాడు తినకుండా పాయ, నేనేమన్నా తప్పు సేసినానా?" అని. లేదని చెప్పాను. తప్పు ఎవరిదో ఆమెకు ఎట్లా చెప్పను? మీ కొడుకు నా బండి చెడగొడుతున్నాడని నేనూ మా నాయనా రెండు నెలలు జాబులు రాసుకున్నామని చెప్పనా?

బీగం ఊడదీయించాను. నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం. ఏదన్నా చేయి.

ఉచ్చీరమ్మ


ఎమ్మిగనూరు
1985 మార్చి

ఆదోని ఇంటి అడ్రసుకు

చిరంజీవి బసవన్నకు మీ మామ మద్దిలేటి రాసే జాబు. నాయనా, ఇది ఇంటికే రాస్తున్నాను. దీపాలు పెట్టే వేళ, తిప్పక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పటిలాగానే గట్టిగా చదువు.

ఉచ్చీరు జాబు చదివి నేను ముందు పకపకా నవ్వాను. మీ అత్త ఏమిటని అడిగితే చెప్పి ఆమెను కూడా నవ్వించాను. నా కూతురి బండికి తన మోకాళ్ల ఆముదం పోసే అత్త ఎవరికి దొరుకుతుంది చెప్పు! షెడ్డుకు పోయి చెబుదామని చెప్పులు వేసుకున్నాను కూడా. వీధి మలుపు దాకా పోయాక, వాళ్లు మొదలు ఏమడుగుతారో తోచింది. మరి ఆముదం అల్లుడు పోశాడని ఎట్లా అనుకున్నావప్పా అంటారు. వెనక్కి వచ్చి చాప మీద పడుకున్నాను. మీ అత్త సంగతి మొత్తం విని నాతో మాట్లాడడం మానేసింది.

తిప్పక్కా, మీరు వినండి. నేను మీ కొడుకును అనుమానించాను. చూసిన మరక నిజం, వాసన నిజం, దాని మీద నేను కట్టుకున్న కథ అబద్ధం. నేనే పనిగట్టుకుని ఆస్పత్రి అడ్రసుకు జాబులు రాసి కూతురి మనసు విరిచాను. మిల్లు అడ్రసుకు రాసి పదిమందిలో అల్లుడి తల దించాను. మీ కొడుకు బండి చెడగొట్టలేదు, ఎవరి బతుకూ చెడగొట్టే మనిషి కాడు. కూతురు బండెక్కిందన్న సంతోషంలో, ఆ బండి తెచ్చిపెట్టింది ఎవరో మరిచిపోయాను. మీరిద్దరూ నన్ను ఏమన్నా పడతాను. రమ్మంటే వచ్చి మీ వాకిట్లో నిలబడతాను.

నూనె సంగతి కూడా మీకు విన్నవించుకోవాలి అక్కా. ఎద్దుల బండికి ఆముదమే మేలు, దాన్ని మించింది లేదు. ఈ బండి కడుపులో నిప్పు ఉంటుంది. ఆ నిప్పులో పడితే ఆముదం బంక అవుతుంది. దీనికి పెట్రోలు బంకులో ఇచ్చే నూనె పోయండి. చేయి మీదే కానివ్వండి.

బసవన్నా, ఈ జాబులో ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు. అదే నాకు శిక్ష.

మీ మామ
మద్దిలేటి


ఆదోని
1985 ఏప్రిల్

మామకు బసవన్న నమస్కారాలు. అత్తకు కూడా.

ఉగాదికి తనిఖీ వాళ్లు జీపులో వచ్చి ఊళ్లన్నీ అడిగి పోయారు. ఒక ఊళ్లో వాళ్లు చేరేసరికి మీ అమ్మాయి బండి అప్పటికే చెట్టు కింద ఉందట. ఇక్కడే ఉంచుతున్నట్టు డాక్టరు గారు చెప్పారు. ఆత్మకూరు మాట ఇక లేదు.

పెట్రోలు ఆమె ఒట్టిదే పోయించుకుని వస్తుంది. బంకు నూనె సీసాలో వేరుగా తెచ్చి ఇంట్లో ఉంచుతున్నాం. ఆస్పత్రి నుంచి మందు కొలిచే చిన్న గాజు గ్లాసు ఒకటి తెచ్చింది. గీత ఎక్కడిదాకా పోయాలో అమ్మకు చూపించాను. ట్యాంకి నింపిన రోజు కొలిచి పోయడం అమ్మ వంతు, బండిని ఊపి కలిపేది నేను. మిగిలిన రోజుల్లో ఆమె చేయి ఊరుకోదు కాబట్టి వెనక చక్రం ఇరుసుకు ఒక చుక్క ఆముదం రాసుకోమన్నాను. దానివల్ల చెడేది ఏమీ లేదని ఏసన్న చెప్పాడు. తన మీద కోపం ఎక్కడన్నా మిగిలిందా అని మీ అమ్మాయి రోజూ నా మొహం చూస్తోంది. కొంచెం మిగిలింది. నిన్న మాత్రం పప్పు బాగుందని చెప్పాను.

మీ జాబు చదవమన్న వేళకే చదివాను. అమ్మ పక్కనే కూర్చుంది. మీరు నవ్విన చోటు చదివాను, ఆముదం చోటు చదివాను, కడుపులో నిప్పు అన్న మాట రెండుసార్లు చదివించుకుంది. మధ్యలో మీరు షెడ్డుకు పోదామని చెప్పులు వేసుకున్న చోట నేను ఆగిపోయాను. అక్కడి నుంచి నూనె సంగతి దాకా చదవలేదు. దాటేశాను. "మీ మామ ఇంత కాగితం రాసి ఇంతేనా సెప్పింది?" అని అమ్మ అడిగింది. అక్షరాలు పెద్దవి రాస్తాడమ్మా అన్నాను. ఎమ్మిగనూరు మద్దిలేటన్న ఎవరినీ ఒక మాట అనే మనిషి కాదని ఆమె ఈ వీధిలో అందరికీ చెబుతూ ఉంటుంది. అది అట్లాగే ఉండనివ్వండి.

నేను మాత్రం ఆ ముక్కలు అందరూ పడుకున్నాక చదువుకున్నాను. ఒక్కటీ వదలలేదు.

ఇక మీదట ఆస్పత్రికీ మిల్లుకూ జాబులు వద్దు మామా. ఏ అనుమానం వచ్చినా ఇంటికే రాయండి. చదివేది నేనే కదా.

బసవన్న